ప్రాణహిత దాటి అయిదు రోజులు: పురుగుల కోసం పోయిన ప్రయాణం

మొదటి రోజు

పద్నాలుగేళ్లు పురుగుమందుల షాపు నడిపినవాణ్ని. రైతు ఆకు తెచ్చి కౌంటర్ మీద పెడితే తిప్పి చూసి ఇది పచ్చదోమ, ఇది తెల్లదోమ, ఇది లద్దెపురుగు అని చెప్పి డబ్బా తీసి ఇచ్చేవాణ్ని, ఆ పురుగు గురించి అంతకు మించి తెలుసుకోవాల్సింది ఏమీ లేదనే అనుకునేవాణ్ని. 2021లో మిరప పూతలోకి నల్ల తామర పురుగులు దిగాయి. మూడేసి మందులు కలిపి వారానికి రెండుసార్లు కొట్టారు మా రైతులు. ఇచ్చింది నేనే, అప్పు మీద ఇచ్చాను. పురుగు పోలేదు, తోటలు పోయాయి. ఆ తర్వాత షాపులో కూర్చోబుద్ధి కాలేదు, రెండేళ్లకు మూసేశాను. అప్పటి నుంచీ పురుగుల గురించి దొరికిందల్లా చదువుతున్నాను. మా అక్కను ఇచ్చింది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో, బావ దసలి పట్టు పురుగులు పెంచుతాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అవి ఎట్లా ఉంటాయో చూడలేదు. ఆరుద్ర కార్తె రాగానే బయల్దేరాను.

మంచిర్యాలలో బస్సెక్కి చెన్నూరులో దిగి, ఇంకో బండి పట్టుకొని కోటపల్లి దాటితే ప్రాణహిత వంతెన. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. బోర్డులన్నీ మరాఠీ, కిరాణా కొట్టు దగ్గర బేరం మాత్రం తెలుగులోనే. సిరొంచలో టీ తాగి ఊరు చేరేసరికి సాయంత్రమైంది, ముందురోజే వాన పడిందట, దారి పక్క ఇసుకనేలలో ఎర్రటి మఖమల్ గుండీల్లా ఆరుద్ర పురుగులు. మా మేనకోడలు ఒకదాన్ని అరచేతిలో పెట్టుకొని తెచ్చింది. కాళ్లు లెక్కపెట్టమన్నాను. "ఎనిమిది మామా" అంది. అయితే అది కీటకం కాదు, సాలీడు చుట్టం. కీటకాలకు ఆరే కాళ్లు. పేరులో పురుగు అని ఉన్నా వంశం వేరు.

చీకటి పడగానే ట్యూబ్‌లైట్ చుట్టూ ఉసిళ్లు లేచాయి. అక్క లైటు కింద వెడల్పు గిన్నెలో నీళ్లు పెట్టింది, నిమిషాల్లో నిండింది. తడి ఆరాక మంగలంలో వేయించి, చేటలో చెరిగితే రెక్కలన్నీ గాలికి పోయి బియ్యపుగింజ కంటే కాస్త పెద్దగా గోధుమరంగు గింజలు మిగిలాయి, ఉప్పుకారం చల్లి ఇచ్చింది. చిన్నప్పుడు మా అమ్మమ్మ పెట్టిన రుచే. చెదలు పుట్టలోంచి లేచిన పెళ్లికొడుకులు, పెళ్లికూతుళ్లే ఈ ఉసిళ్లు. ఈ ఒక్క రాత్రి కోసం రెక్కలు మొలుస్తాయి, నేల మీద వాలగానే వాటంతట అవే రాల్చేసుకుంటాయి, జత కుదిరిన రెండు నేలలోకి దూరి కొత్త పుట్ట మొదలుపెడతాయి. చెదలు చీమల చుట్టాలని నేనూ నమ్మేవాణ్ని. నిజానికి అవి బొద్దింకల కొమ్మలోంచి వచ్చినవి, డైనోసార్లు తిరిగే రోజుల్లోనే కట్టె తినడం, గుంపుగా బతకడం నేర్చుకున్న బొద్దింకలు. జన్యువులు పోల్చి చూశాక 2007లో శాస్త్రవేత్తలు చెదలకు ఇంక వేరే వర్గం అక్కర్లేదని, బొద్దింకల్లోనే కలిపేయాలని తేల్చారు.

అన్నంలోకి అక్క నూరిన పండుమిరప తొక్కు. సిరొంచ మిర్చి కారమంటే ఈ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ఆ కారం వెనకా పురుగే ఉంది. మిరప పుట్టిన దక్షిణ అమెరికాలో, బొలీవియా అడవి మిరపల మీద చేసిన పరిశోధన 2008లో అచ్చయింది. రసం పీల్చే పురుగులు కాయకు గుచ్చిన చిల్లుల్లోంచి బూజు లోపలికి పోయి విత్తనాన్ని చంపుతుంది. కారం ఆ బూజును ఆపుతుంది. పురుగుల గాట్లు ఎక్కువున్న చోట్ల కారం మొక్కలు ఎక్కువ, తక్కువున్న చోట చప్పటివి. అదే మిరపను కాపాడతానని పద్నాలుగేళ్లు మందులు అమ్మినవాణ్ని, తొక్కు కలుపుకొని మొదటి ముద్ద తినే ముందు కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

రెండో రోజు

పొద్దున బావ మద్ది చెట్ల దగ్గరికి తీసుకుపోయాడు. దసలి పురుగును ఇంట్లో చాటల్లో పెంచరు, అడవిలో చెట్టు మీదే మేపుతారు. నల్లమద్ది, తెల్లమద్ది ఆకు దాని తిండి. పిల్ల పురుగును కొమ్మకు వదిలింది మొదలు గూడు కట్టేదాకా నెల పైచిలుకు చెట్టు కిందే కాపలా, పగలు కాకులు, పిట్టలు, రాత్రి ఇంకేవో, చీమలు, కందిరీగలు, రసం పీల్చే నల్లులు. బావ చేతిలో ఉండేది ఒడిసెల, రాళ్లు, అంతే. "ఇక్కడ మందు ముట్టుకోలేం బామ్మర్దీ, చుక్క పడినా నా పంటే చస్తది" అన్నాడు. నాకు ఆ మాట గట్టిగా తగిలింది. పత్తిలో కాయ తొలిచే శనగపచ్చ పురుగూ, ఈ దసలి పురుగూ ఒకే వర్గం, రెండూ రెక్కలొచ్చాక చిమ్మెటలయ్యే గొంగళ్లే. ఒకదాన్ని చంపే మందు రెండోదాన్నీ చంపుతుంది, మందుకు తేడా తెలీదు.

అసలు చూడాల్సింది సాయంత్రం జరిగింది. విత్తనం కోసం దాచిన కాయలను దారానికి దండలుగా గుచ్చి వెనక వసారాలో వేలాడదీశారు. దసలికాయ కోడిగుడ్డంత, గట్టిగా, బూడిదరంగులో, పైన తొడిమ, ఆ తొడిమే కొమ్మ చుట్టూ ఉంగరంలా బిగుసుకొని ఉంటుంది. పొద్దు గూకాక ఒక కాయ తొడిమ పక్క తడిసినట్టు నల్లబడింది. లోపలున్నది నోటి దగ్గర్నుంచి ఒక రసం వదులుతుంది, అది పట్టుపోగుల్ని అంటించిన బంకను కరిగిస్తుంది. పోగులు తెగవు, పక్కకు జరుగుతాయి. ఆ సందులోంచి ముందు తల, తర్వాత రెండు కాళ్లు, ఆగింది, మళ్లీ తోసింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. మొత్తం బయటికొచ్చాక చూస్తే ఉబ్బిన పొట్ట, భుజాల మీద నలిపిన కాగితం ముక్కల్లాంటివి నాలుగు, అవే రెక్కలంటే ఎవరూ నమ్మరు. కాయ పట్టుకొని తలకిందులుగా వేలాడి ఒంట్లో నీరు రెక్కల నరాల్లోకి ఎక్కిస్తుంటే అవి మడత మడతగా విప్పుకుంటూ అరగంటలో నా అరచేతికంటే వెడల్పయ్యాయి. ఒక్కో రెక్క మధ్యలో కన్నులాంటి చుక్క, దానికి అసలు రంగే లేదు, గాజుబిళ్ల పెట్టినట్టు అందులోంచి అవతలి గోడ కనిపిస్తోంది.

దీనికి పనిచేసే నోరు లేదు. తినదు, తాగదు. గొంగళిగా ఉన్నప్పుడు తిన్న మద్దాకే ఈ వారం పది రోజులకు సరిపెట్టుకోవాలి. ఆడది వాసన వదిలితే మగది ఈకల్లాంటి మీసాలతో ఎంతో దూరం నుంచి పసిగట్టి వస్తుంది. ఆడది 200 దాకా గుడ్లు పెట్టి పోతుంది.

గుడ్డు, గొంగళి, కాయ, రెక్కల పురుగు: ఈ నాలుగు దశల బతుకును కీటకాలు కనిపెట్టి 30 కోట్ల ఏళ్లు దాటింది. ఇప్పుడున్న కీటక జాతుల్లో నూటికి 80కి పైనే ఈ పద్ధతివే, పేడపురుగులు, ఈగలు, దోమలు, చీమలు, తేనెటీగలు, సీతాకోకచిలుకలు అన్నీ. దీంట్లో ఉన్న గొప్పతనం ఏమిటంటే పిల్లకూ తల్లికీ తిండి దగ్గర పోటీ లేదు. పిల్ల ఆకు నములుతుంది, తల్లి తేనె తాగుతుంది, లేకపోతే ఈ దసలి తల్లిలా అసలేమీ ముట్టుకోదు. ఒకే ప్రాణి రెండు వేరు వేరు లోకాల్లో బతుకుతుంది. మిడతకు, బొద్దింకకు, నల్లికి ఈ వసతి లేదు, వాటి పిల్లలు పుట్టుకతోనే తల్లిలా ఉండి అదే తిండి తింటాయి.

వసారా గోడ మూలన ఒక కందిరీగ కట్టిన మట్టిగూడు ఉంది. మా అమ్మమ్మ దాన్ని చూపించే భ్రమరకీటక న్యాయం చెప్పేది: తుమ్మెద పురుగును తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ ఝుమ్మని తిరుగుతుంటే ఆ పురుగు దాన్నే తలుచుకొని తలుచుకొని చివరికి తుమ్మెదే అవుతుందని. చూసినంత వరకు పెద్దలు చూసింది నిజం. లోపల పెట్టింది గొంగళిని, బయటికొచ్చింది రెక్కలున్నదాన్ని. మధ్యలో కనిపించనిది ఒకటుంది. కందిరీగ గొంగళిని కుట్టి చంపదు, కదలకుండా చేస్తుంది, పక్కన తన గుడ్డు పెట్టి మూసేస్తుంది, గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ గొంగళిని తాజాగా తిని పెరుగుతుంది. ఇట్లాంటి కందిరీగలు పొలంలో గొంగళ్లను ఎన్నింటినో తీసేస్తాయి. నేను అమ్మిన మందుల్లో చాలావాటికి ముందు పోయేవి ఇవే.

మూడో రోజు

బావ బండి మీద వడదం పోయాం. సిరొంచ తాలూకాలోనే, చెట్ల శిలాజాల పార్కు. రాయైపోయిన మానులు నేల మీద అడ్డంగా పడి ఉన్నాయి. చూపుకు కట్టె, ముట్టుకుంటే రాయి. ఒకదాని మీద చెయ్యి పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. ఇక్కడికి దగ్గర్లోని కోట అనే ఊరి పేరే భూగర్భ శాస్త్రంలో ఒక రాతిపొరల వరసకు పెట్టారు, డైనోసార్ల కాలం నాటి పొరలు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ ఎముకలు ఈ వరస నుంచి వచ్చినవే. దాన్ని చూడటానికి పిల్లల్ని తీసుకుపోతాం. అదే పొరల్లో చేపలతో పాటు పురుగుల అచ్చులూ దొరికాయి, వాటి సంగతి ఎవరూ చెప్పరు.

ఈ మానులు నిలబడి ఉన్నప్పటి అడవిలో పువ్వు లేదు. ఆ మాటే రోజంతా నన్ను వదల్లేదు. మోదుగ లేదు, ఇప్ప లేదు, పండు లేదు, గడ్డి లేదు, తేనెటీగ లేదు. పురుగులు మాత్రం ఉన్నాయి, అప్పటికే చాలా పాతకాపులు. పువ్వు లేకపోయినా పుప్పొడి ఉండే సైకాస్ లాంటి చెట్ల పుప్పొడి తింటూ ఒంటికి అంటిన కాస్త ఇంకో చెట్టుకు మోసేవి. పువ్వులు గట్టిగా విస్తరించింది సుమారు 13 కోట్ల ఏళ్ల కింద మొదలుపెట్టి. వేటాడే కందిరీగల్లో ఒక కొమ్మ మాంసం మానేసి పుప్పొడికి మళ్లింది, అవే తేనెటీగలు. రంగు, వాసన, మకరందం అన్నీ వచ్చిపోయే పురుగు కోసం పువ్వు పెట్టుకున్న ఏర్పాట్లు. 1862లో డార్విన్ మడగాస్కర్ ఆర్కిడ్ పువ్వు ఒకటి చూశాడు, దాని మకరందం అడుగు పొడవు గొట్టం అడుగున ఉంది, అంత నాలుకున్న చిమ్మెట ఎక్కడో ఉండి తీరాలన్నాడు. ఆయన పోయాక 1903లో ఆ చిమ్మెటకు పేరు పెట్టారు.

మా నాన్న సింగరేణి బాయిలో పనిచేశాడు. ఒకసారి ఆకు అచ్చున్న బొగ్గురాయి ఇంటికి తెచ్చాడు, నాలుక ఆకారంలో పొడుగు ఆకు, గ్లోసోప్టెరిస్ అంటారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడినది. మన దేశంలో దొరికిన అట్లాంటి ఆకుల మీద పురుగులు కొరికిన గుర్తులు ఉన్నాయని చదివాక ఆ రాయి కోసం ఇల్లంతా వెతికాను, దొరకలేదు. ఆ ఆకుల అడవి 25 కోట్ల ఏళ్ల కింద వచ్చిన మహావినాశనంలో అంతరించింది. కీటకాలు అంత గట్టిగా దెబ్బతిన్నదీ అప్పుడే. ఆ తర్వాత డైనోసార్లను తుడిచిపెట్టిన ఉల్కను కూడా అవి తట్టుకున్నాయి.

నాలుగో రోజు

సోమనూరు సంగమం. ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలిసే చోటు, ఇంద్రావతి అవతల ఛత్తీస్‌గఢ్, ఇవతల మహారాష్ట్ర, గోదావరి అవతలి ఒడ్డు తెలంగాణ. దారి బాలేదు, రెండుసార్లు దిగి బండి తోశాం. ఒడ్డున ఒకామె వెదురుబుట్టలో నది రొయ్యలు పెట్టుకొని కూర్చుంది, బుట్ట అంచు మీద తూనీగ వాలింది. రెండూ దగ్గరి చుట్టాలని చెబితే ఆమె నమ్మలేదు. ఆరుకాళ్ల కీటకాలు రొయ్యలూ పీతల వంశంలోంచి చీలి నేల మీదికి వచ్చినవే. 2014లో వందమందికి పైగా శాస్త్రవేత్తలు 1,478 జన్యువులు పోల్చి చూసి, కీటకాలు పుట్టి 48 కోట్ల ఏళ్లు అవుతోందని, రెక్క వచ్చి 40 కోట్ల ఏళ్లు అవుతోందని లెక్కగట్టారు. మొక్కలు నేలకెక్కుతున్న రోజులన్నమాట. ప్రాణుల్లో గాల్లోకి లేచిన మొదటివి ఇవే, ఎగిరే సరీసృపాలు, పక్షులు, గబ్బిలాలు అన్నీ కోట్ల ఏళ్లు ఆలస్యంగా వచ్చాయి. ఫ్రాన్స్ బొగ్గుపొరల్లో దొరికిన మెగాన్యూరా అనే తూనీగ చుట్టానికి ఈ చివర నుంచి ఆ చివరకు రెక్కలు రెండడుగులకు పైనే. 30 కోట్ల ఏళ్ల కిందటి గాలిలో ఆక్సిజన్ ఇప్పటికంటే బాగా ఎక్కువ, పురుగుకు ఊపిరితిత్తులు లేవు, ఒంటి పక్క రంధ్రాల్లోంచి గొట్టాల ద్వారా గాలి నేరుగా లోపలికి పోవాలి, అంత ఒళ్లు పెరగడానికి ఆ గాలి సాయపడిందని చాలామంది శాస్త్రవేత్తల మాట.

తిరిగొచ్చేటప్పుడు బావ స్నేహితుడొకాయన, గోండు పెద్దమనిషి, మామిడిచెట్టు మీద ఎర్రచీమల గూడు చూపించాడు. బతికున్న ఆకుల్నే దగ్గరికి లాగి తెల్లటి పోగుతో కుట్టేసిన సంచి. ఒక అంచు చినిగితే చీమలు వరసకట్టి పళ్లతో రెండాకులు దగ్గరికి పట్టుకున్నాయి, ఇంకో చీమ తన గూటి పిల్లపురుగును నోట కరుచుకొని వచ్చి దాని తలను ఈ ఆకుకూ ఆ ఆకుకూ తాటిస్తోంది, తాకిన చోటల్లా పట్టుపోగు. పెద్ద చీమకు పట్టు రాదు, పిల్లకే వస్తుంది. ఆ పెద్దాయన గుడ్లు, చీమలు కలిపి నూరిన చట్నీ పెట్టాడు, పులుపు, నాలుక జివ్వుమంది. చైనాలో క్రీ.శ. 304 నాటి రాతలోనే ఈ జాతి చీమల గూళ్లను సంచుల్లో అమ్మేవాళ్లని, నారింజ తోటల్లో పురుగుల్ని ఇవే పట్టుకునేవని ఉంది. నా వ్యాపారానికి అంత పాత చరిత్ర ఉందని, అందులో విషం లేదని నాకు ముందే తెలిసుంటే బాగుండేది.

దారిలో పుట్ట ఒకటి నా భుజం దాకా ఉంది. చీమలు పెట్టిన పుట్ట పాముల పాలైనట్టు అంటాం కానీ పెట్టింది చెదలు. వానకు ఒక పక్క తడిసి పుట్టగొడుగులు లేచాయి. ఆ పేరు పెట్టినవాళ్లు ఎంత బాగా చూశారో! పుట్ట అడుగున చెదలు నమిలిన కట్టెపొట్టుతో మడులు కట్టి బూజును పండిస్తాయి, పండిన బూజును తింటాయి, అందులోంచి పైకి వచ్చేదే మనం వండుకునే గొడుగు. టాంజానియాలో 2.5 కోట్ల ఏళ్ల నాటి ఇట్లాంటి మడులు శిలాజంగా దొరికాయి. మనిషి వ్యవసాయం వయసు పది పన్నెండు వేల ఏళ్లు.

రాత్రి దోమతెర తప్పదు, ఈ జిల్లాలో మలేరియా ఎక్కువ. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. తెరలో పడుకొని బావకు పత్తికాయ తొలిచే గులాబీ పురుగు కథ చెప్పాను. 2002లో బీటీ పత్తి వచ్చింది, కాయలోనే పురుగును చంపే విషం. 2010 కల్లా గుజరాత్‌లో గులాబీ పురుగు దానికి లొంగలేదు, రెండు విషాలున్న రకానికి కూడా తర్వాత అలవాటు పడింది. లక్షల్లో ఒకటి పుట్టుకతోనే విషాన్ని తట్టుకుంటుంది, మిగతావన్నీ చచ్చాక పొలం మొత్తం దాని పిల్లలదే. 48 కోట్ల ఏళ్లుగా నడుస్తున్న పని అది, నా కౌంటర్ ముందు కూడా నడిచింది, నాకు కనపడలేదు. బావ "ఊఁ" అంటూనే నిద్రపోయాడు.

అయిదో రోజు

పదిన్నరకు బండి. పొద్దున్నే అక్క పెరట్లో అలసంద తీగ దగ్గర నిలబడి ఉంది, చేతిలో ఏదో పొడి డబ్బా. లేత కొనలన్నీ పేనుబంకతో నల్లబడ్డాయి, కింద చీమలు. "తమ్మీ, వీటికి తోడు ఈ మొసలిపురుగు కూడా ఎక్కింది చూడు" అంది. దగ్గరికి పోయి చూశాను. గోరంత కూడా లేదు, నల్లగా, గరుకుగా, వీపు మీద నారింజ చుక్కలు, ఆరు కాళ్లు బయటికి చాచి నిజంగానే మొసలి నడకే. షాపులో ఉన్నప్పుడు ఎంతమందో దీన్ని అగ్గిపెట్టెలో పట్టుకొచ్చి మందు అడిగేవాళ్లు, నేను ఇచ్చేవాణ్ని.

అది అక్షింతల పురుగు పిల్ల. గుండ్రంగా, ఎర్రగా, నల్లచుక్కలతో ఉండే పెద్దదాన్ని పిల్లలు కూడా గుర్తుపడతారు, దీన్ని మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. 1888లో కాలిఫోర్నియా నారింజ తోటలు పిండినల్లి లాంటి పురుగుతో పోతుంటే ఆస్ట్రేలియా నుంచి ఈ కుటుంబం పురుగునే తెచ్చి వదిలారు, రెండేళ్లు తిరక్కుండా తోటలు తేరుకున్నాయి.

డబ్బా పక్కన పెట్టమన్నాను. అక్క నమ్మలేదు, సరే చూద్దామని పీట వేసుకొని నా పక్కన కూర్చుంది. ఆ పిల్ల ఒక పేనుబంకను వెనక నుంచి పట్టింది, కాళ్లు గాల్లో ఆడుతుంటే ఎత్తిపట్టి పీల్చింది, ఖాళీ తోలు వదిలేసి పక్కదాని మీదికి పోయింది. ఒక చీమ వచ్చి కాలు కొరకబోతే తోక ఆకుకు అంటించుకొని అట్లాగే నిలబడింది, చీమ పోయాక మళ్లీ మొదలుపెట్టింది. అక్క గట్టిగా లెక్కపెడుతోంది. 17 దగ్గర ఉండగా బావ బండి స్టార్ట్ చేసి హారన్ కొట్టాడు, నేను లేచాను, అక్క లేవలేదు, "పద్దెనిమిది" అంది.